విద్యామందిరములు – దాతల పేరులు



ఈ సాయంకాలము నేను ముచ్చటింపబోవు విషయము విశ్వవిద్యాలయ భవనములకు దాతల పేరులు పెట్టు ఆచారమును గుఱించినది. పల్లెటూరి అరుగుమీద కూర్చుండి వినువారికి ఇది దూరపుమాట యని తోచవచ్చును. కాని అంత దూరము కాదు. మన పిల్లలు చదువుకొను కళాశాలలకు గదులు చాలుట లేదు. చందాపుస్తకము చేతబట్టుకొని కొందఱు మన యిండ్లకు వచ్చుచున్నారు. ఎంత యిచ్చెదరను మాట మొదట వచ్చును. ఎవరి పేరు పెట్టుదమను మాట దాని వెనుకనే వచ్చును. మొదటిమాటకంటె రెండవమాటకే తగవులెక్కువ. ముప్పది రెండేండ్లు పంతులపని చేసినవాడనగుటచే అట్టి తగవులను పలుమాఱులు చూచితిని. ఒకదానియందు తప్పు నాదే. దానిని చివర చెప్పెదను.

పేరు నిలుపుకొనవలెనను కోరిక తప్పని మన పూర్వులు అనలేదు. కొడుకు, చెఱువు, కావ్యము, నిధి, గుడి, తోట, అగ్రహారము అను నేడును సప్తసంతానములని చెప్పిరి. కొడుకువలెనే చెఱువును తండ్రి పేరు నిలుపునని వారి తాత్పర్యము. నేటికిని మన చెఱువుల పేరులలోను, అగ్రహారముల పేరులలోను ఎందఱో దాతలు దాగియున్నారు. అయినను గుప్తదానము మిక్కిలి గొప్పదని చెప్పినవారును ఆ పూర్వులే. ఈ రెండుమాటలకు పొత్తెట్లు కుదురును? చిన్ననాడు మా గురువుగారిని ఈ ప్రశ్న అడిగితిని. "ఇచ్చినవాడు చెప్పుకొనరాదు, పుచ్చుకొన్నవాడు చెప్పక మానరాదు" అని వారు సమాధానమిచ్చిరి. నేను నేడు చెప్పబోవునదంతయు ఈ ఒక్కమాటకు వ్యాఖ్యానమే. గోడమీది పేరు దాత కొనుక్కొన్న వస్తువు కాదు. అది పుచ్చుకొన్నవాని కృతజ్ఞత.

ఈ కృతజ్ఞతను వ్రాయుటలో మన తెలుగునేల పాతకాలముననే ఎంత నేర్పు చూపినదో వినుడు. కృష్ణాతీరమున నాగార్జునకొండయందు క్రీస్తుశకము మూడవ శతాబ్దమున, ఇక్ష్వాకురాజుల నాడు, బౌద్ధులకు గొప్ప విద్యాస్థానముండెను. అచ్చట బోధిసిరి యను ఒక గృహిణి చైత్యగృహమును కట్టించి శాసనము వేయించెను. ఆమె రాణి కాదు. తాను కట్టించినది ఏది, ఎచ్చట, ఎవరి కొఱకు అని ఆ శాసనమున వరుసగ చెప్పించెను. అంతటితో ఆగలేదు. తల్లిదండ్రులను, భర్తను, అన్నదమ్ములను, బంధువులను పేర్కొని తన పుణ్యమున వారికిని పాలు పెట్టెను. నాగార్జునసాగరము కట్టినపుడు ఆ లోయ నీట మునిగినది. శాసనము మాత్రము బ్రతికి, ఆ యిల్లాలి పేరును, ఆమెవారి పేరులను నేటికిని చెప్పుచున్నది. నాలందయందును ఇట్టిదే యొకటి దొరకినది. సముద్రము కావలనున్న సువర్ణద్వీపమునకు రాజైన బాలపుత్రదేవుడు అచ్చట విహారము కట్టించెను. దానిని పోషించుటకు పాలరాజైన దేవపాలుడు ఐదు గ్రామములిచ్చెను. ఈ సంగతి తొమ్మిదవ శతాబ్దపు తామ్రశాసనమున గలదు. కట్టించినవాడొకడు, నడిపించినవాడొకడు, రాగిరేకుమీద ఇద్దఱికిని చోటు దొరకినది.

మన గుళ్ళలోని అఖండదీపపు శాసనములను మీలో పలువురు చూచియుందురు. దీపము పెట్టించినవాడు సెమ్మె యిచ్చి చేతులు దులుపుకొనలేదు. నిత్యము నేయి వచ్చుటకై గొఱ్ఱెలనిచ్చెను, వానిని మేపి నేయి పోయువాని పేరునుగూడ వ్రాయించెను. ఈ గొఱ్ఱెల సంగతి మఱవకుడు. దానితో మరల పనిగలదు.

ఇక మన విశ్వవిద్యాలయమునకు వత్తము. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926వ సంవత్సరమున బెజవాడయందు స్థాపితమై, 1930లో వాల్తేరునకు చేరినది. సముద్రపుటొడ్డున కొండనేల, చేతిలో పైకము స్వల్పము. అట్టిదినములలో జయపురము సంస్థానాధీశ్వరుడైన విక్రమదేవవర్మగారు ఏటేట లక్షరూపాయల విరాళము నేర్పఱచిరి. ఆ లక్షతో శాస్త్రవిద్య ఊపిరి పీల్చుకొనెను. అచ్చటి శాస్త్ర సాంకేతిక కళాశాలకు జయపురము విక్రమదేవవర్మ పేరు పెట్టబడెను. ఆయన స్వయముగ పండితుడు, కవి. తెలుగు, ఒరియ, సంస్కృతము ఎఱిగినవాడు. 1951లో ఆయన కీర్తిశేషుడయ్యెను. జమీందారీలు రద్దయినవి. కోటలోని ఏనుగులు, పల్లకీలు ఏమయ్యెనో ఎవ్వరికిని పట్టలేదు. లక్షవెచ్చించి పండుగ చేసికొన్న రాజులు ఎందఱో కలరు. వారి పేరులు మనకు తెలియవు. నేను పండితపరీక్ష పట్టాపని మీద మొదటిమాఱు వాల్తేరు పోయినపుడు ఆ కళాశాల పేరు చదివి, నాకు శాస్త్రవిద్య రాకపోయినను, చేతులు జోడించితిని.

కాని ఇంకొకమాట చెప్పక తప్పదు. ఆ లక్ష ఎచ్చటనుండి వచ్చెను? కోరాపుట్టు కొండలలోను అడవులలోను పాటుపడిన రైతు కట్టిన శిస్తునుండి వచ్చెను. రాజుగారి పేరు తీసివేయుదమని నేననుట లేదు. వారు ఇయ్యకుండినను అడుగువాడు లేడు. ఇచ్చిరి గనుక గౌరవము వారికి న్యాయమే. అయితే రాజు పేరు చదివినపుడెల్ల ఆ కొండరైతునుగూడ తలంచుకొనుట మన విధి. ఇక ప్రజల పన్నులతో భవనము కట్టి, అధికారములోనున్నవాడు తన పేరు తానే పెట్టుకొనుట యున్నదే, అది అత్తసొమ్ము అల్లుడు దానము చేసినట్లు. దానిని దానమని యెన్నరాదు.

బొంబాయి విశ్వవిద్యాలయమున రాజాబాయి గడియారపు గోపురమున్నది. దాని కథ వినదగినది. 1861 మొదలు 1865 వఱకు అమెరికాలో అంతర్యుద్ధము జరిగినందున అచ్చటి ప్రత్తి ఇంగ్లండునకు పోవుట ఆగెను. మన దేశపు ప్రత్తికి గిరాకి పెరిగి, బొంబాయి వర్తకుల యింట ధనము వరదయయ్యెను. వారిలో ప్రేమ్‌చంద్ రాయచంద్ అగ్రగణ్యుడు. 1864లో ఆయన గ్రంథాలయమునకు రెండులక్షలు, గోపురమునకు రెండులక్షలు ఇచ్చెను. గోపురమునకు తన పేరు కోరలేదు. తల్లియైన రాజాబాయి పేరు కోరెను. మఱుసటి యేడు యుద్ధము ముగిసెను. ప్రత్తి ధర కూలెను. వాటాలు చెల్లనికాగితములయ్యెను. ప్రేమ్‌చంద్ సర్వస్వము పోగొట్టుకొనెను. 1869లో గోపురమునకు పునాది పడినది, 1878లో ముగిసినది. దాత చితికిపోయినాడు గదా, పేరు మార్చి మఱియొక ధనికునకు పెట్టుదమని విశ్వవిద్యాలయమువారు తలపలేదు. 280 అడుగుల ఆ గోపురము నేటికిని ఆ తల్లి పేరనే గంట కొట్టుచున్నది. ఇచ్చినవాని స్థితి మాఱినను పుచ్చుకొన్నవాని మాట మాఱరాదని దీనివలన నేర్చుకొందము.

బెంగుళూరులో దీనికి ప్రతిగా మఱియొక చిత్రమున్నది. జంషెడ్జీ టాటా 1898లో తన ఆస్తిలో ముప్పదిలక్షల విలువగల భవనములను, భూములను ఉన్నత శాస్త్రవిద్యకై ఇయ్యదలంచెను. దానికి తన పేరు పెట్టుమని అడుగలేదు. 1904లో ఆయన గతించెను. 1909లో సంస్థ ఏర్పడినది. మైసూరు సంస్థానము 371 ఎకరముల భూమి నిచ్చెను. సంస్థ పేరు భారతీయ విజ్ఞాన సంస్థ. కాని ఆ ఊరివారు నేటికిని దానిని టాటా ఇన్‌స్టిట్యూట్ అనియే పిలుచుచున్నారు. రాతిమీద లేనిపేరు నోటిమీద నిలిచినది. ఆ పేరును చెరపుటకు ఏ సుత్తియు చాలదు.

ఇట్లు మంచి కథలే చెప్పినచో సత్యమునకు లోపము వచ్చును. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయము జగత్ప్రసిద్ధమైనది. ఆ పేరుగల ఎలీహు యేల్ మన చెన్నపట్టణముననే ధనికుడయ్యెను. 1672లో ఈస్టిండియా కంపెనీ గుమాస్తాగ వచ్చి, 1687 మొదలు 1692 వఱకు సెంటు జార్జికోటకు గవర్నరుగ నుండెను. సొంతవ్యాపారమున అక్రమములు చేసెనను నిందపై పదవి పోగొట్టుకొనెను. వస్త్రములే గాక వజ్రముల వ్యాపారముగూడ ఆయన చేసెను. ఆనాడు చెన్నపట్టణమునకు వచ్చు వజ్రములు గోలకొండ రాజ్యపు గనులవి, అనగా మన కృష్ణాతీరపు గనులవి. ఆయన కాలముననే ఆ కోటనుండి బానిసలను ఓడలపై సెంటు హెలీనా ద్వీపమునకు పంపుటకు ఆజ్ఞలు వెలువడెను. 1718లో అమెరికాలోని ఒక చిన్నబడి క్రొత్తభవనమునకై ఆయన సహాయము నర్థించెను. ఈ దానమిచ్చినచో ఈజిప్టు దేశపు పిరమిడ్డుకంటె మిన్నగ మీ పేరు నిలుచునని ఒక మతాచార్యుడు ఆయనకు జాబు వ్రాసెను. యేల్ తొమ్మిది మూటల సరకును, 417 పుస్తకములను, రాజుగారి చిత్రపటము నొకదానిని పంపెను. సరకు అమ్మగా 562 పౌనులు వచ్చినవి. ఆ భవనమునకు యేల్ కాలేజి యని పేరు పెట్టిరి. క్రమముగ విద్యాలయమునకంతటికిని అదియే పేరయ్యెను.

పెద్దలారా, ఆ మూటలలోని వస్త్రములను నేసినదెవరు? గనులలో దిగి వజ్రములను త్రవ్వినదెవరు? ఓడలెక్కింపబడిన బానిసలెవరు? వారి పేరు ఏ గోడమీదను లేదు. "సొమ్మొకడిది, సోకొకడిది" అను మన సామెత ఇంతదూరము ఓడయెక్కినదని నాకు తోచుచుండును. బానిసత్వముతో తమకు గల పాతసంబంధములను విచారించి, 2024లో ఆ విశ్వవిద్యాలయమువారు బహిరంగముగ క్షమాపణ చెప్పిరి. మూడువందల యేండ్లకైనను లెక్క అప్పగించిరి. పేరు పెట్టునపుడు సొమ్ము ఎట్టిదని అడుగనివారు, తమ మనుమలకు ఆ ప్రశ్నను ఆస్తిగ నిచ్చిపోవుదురు.

మన కాలమున దానములు కోట్లలో నున్నవి. ఇందాక చెప్పిన బెంగుళూరు సంస్థయందే ఆస్పత్రితోగూడిన వైద్యవిద్యాశాలకై 2022లో రెండు కుటుంబములవారు 425 కోట్ల రూపాయలు ప్రకటించిరి. ఆస్పత్రికి బాగ్చీ – పార్థసారథి యని ఆ ఇంటిపేరులే నిర్ణయించిరి. 2024లో మన తెలుగువారైన చివుకుల కృష్ణగారు తాము చదివిన మద్రాసు ఐ.ఐ.టి.కి 228 కోట్లిచ్చిరి. అచ్చటి విద్యాభవన మొకదానికి వారి పేరు పెట్టిరి. చదువుకొన్న బడికి తిరిగి యిచ్చుట గురుదక్షిణ, మనము సంతోషింపవలసినదే.

అమెరికాలోను ఇంగ్లండులోను జరిగిన ఒక సంగతిని మాత్రము దీనితో చేర్చి వినవలెను. శాక్లర్ అను ధనికకుటుంబము విశ్వవిద్యాలయములకు, చిత్రశాలలకు విశేషముగ దానములు చేసెను. ఆ కుటుంబమువారి కంపెనీ అమ్మిన నొప్పిమందు వలన అనేకులు వ్యసనమునకు లోనై నశించిరని తరువాత లోకమునకు తెలిసెను. టఫ్ట్స్ విశ్వవిద్యాలయమున వైద్యము నేర్చు విద్యార్థులే, ఆ పేరుగల భవనమున కూర్చుండి రోగికి మేలుచేయుట నేర్చుకొనజాలమనిరి. 2019 డిసెంబరులో అచ్చట ఆ పేరును తొలగించిరి. 2023లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమును తన గ్రంథాలయముపై నుండి తీసివేసెను. ప్రేమ్‌చంద్ చితికిపోయినను పేరు నిలిచెను. శాక్లర్లు ధనవంతులుగనున్నను పేరు పోయెను. పేదఱికము పేరును చెఱుపదు, అన్యాయము చెఱుపును.

ఇప్పుడు నా తప్పు చెప్పవలసిన వేళ వచ్చినది.

చాలయేండ్ల క్రిందట, మా ప్రాంతపు కళాశాల యొకదానికి గ్రంథాలయపు గది కట్టదలంచిరి. ఒక ధనికుడు లక్షరూపాయలిచ్చెదనని సభలో చెప్పెను. అందులో నలువదివేలు ముందుగనిచ్చెను. శిలాఫలకమునకు పద్యము వ్రాయుమని నన్నడిగిరి. నాకు అప్పుడు పద్యమన్న వ్యామోహము. దాతను, దాత తండ్రిని, తాతను, వారి గోత్రమును వర్ణించి రాయి నిండించితిని. ప్రారంభోత్సవము ఘనముగ జరిగెను. తక్కిన అరువదివేలు రానేలేదు. గోడలు లేచియున్నవి, పైకప్పు లేదు. అప్పుడు చుట్టుపట్ల ఊళ్ళవారు కళ్ళములలో బస్తా చొప్పున ధాన్యమిచ్చిరి. కూలివారు ఒకరోజు కూలి యిచ్చిరి. బడిముందు ఇడ్లీలమ్ముకొను ముదుసలి యొకతె ఐదువందలు తెచ్చి నా చేతిలోనే పెట్టెను. పైకప్పు పడెను. పద్యము మాత్రము అట్లే యుండెను.

కొన్నినాళ్ళకు ఆ ముదుసలి తన మనుమని వెంటబెట్టుకొని వచ్చి ఆ రాయి చదివించుకొనెను. పిల్లవాడు నా పద్యమును తడబడుచు చివరివఱకు చదివెను. ఆమె నా దగ్గఱకు వచ్చి, "పంతులుగారూ, మన ఊరి పేరైనా ఎక్కలేదటండీ రాతిమీద?" అని అడిగెను. తన పేరు అడుగలేదు. ఊరి పేరు అడిగెను. "రాతిమీద చోటు చాలలేదమ్మా" యని చెప్పితిని. అది అబద్ధము. చోటుండెను, దానిని ధనికుని తాతకు ఇచ్చివేసితిని.

ఆ మాట నన్ను ఉద్యోగమున్నంతకాలము విడువలేదు. పని విరమించిన యేడు, నాకు వచ్చిన పైకములో కొంత తీసి, రెండవరాయి వేయింతునని కళాశాలవారిని అడిగితిని, ఒప్పుకొనిరి. పాత చందాపుస్తకము వెదకితిని. కొన్ని పుటలు చెదలు తినివేసినవి. మిగిలినవానిలో ఆమె పేరున్నచోట "ఇడ్లీల అవ్వ, 500" అని మాత్రమే యున్నది. వ్రాసినవాడను నేనే. ఇన్నియేండ్లు ఆమె చేతి ఇడ్లీలు తిని ఆమె పేరేమని ఏనాడును అడుగలేదు. ఆమె అప్పటికి లేదు. మనుమని వెదకి పేరు కనుగొంటిని. రాతిమీద పేరులన్నియు అకారాదిగ వ్రాయించితిని. ఎవరెంత యిచ్చిరో వ్రాయింపలేదు. చెదలు తినిన పేరులకు బదులు, వారి వారి ఊళ్ళ పేరులు చెక్కించితిని. మొదటి రాయిని తీయింపలేదు. నలువదివేలు ఇచ్చినమాట నిజమే గదా. ఆ నిజమునకు తగినంత గౌరవము ఆయనకు ఉండవలెను. నా పద్యమే ఎక్కువ.

కావున రేపు మీ అరుగుమీదికి చందాపుస్తకము వచ్చినపుడు ఈ నాలుగుమాటలు తలంచుకొనుడని ప్రార్థించుచున్నాను.

మొదటిది: చెప్పిన పైకము చేతికి వచ్చిన పిదపనే రాయి చెక్కవలెను. వాగ్దానమునకు చప్పట్లు చాలును.

రెండవది: సెమ్మె యిచ్చువానిని నేతిగొఱ్ఱెల మాట అడుగవలెను. భవనము కట్టించుట ఒకయేటి పని. వెల్లవేయుట, కప్పు బాగుచేయుట, పుస్తకములు కొనుట, ఏటేటి పని. పేరు కావలయునన్నవాడు దాని పోషణకుగూడ ఒక నిధి నుంచుట న్యాయము. లేనిచో పేరు గొప్ప, ఊరు దిబ్బ యగును.

మూడవది: పేరు తలుపుమీద నుండవచ్చును; తలుపులోపలికి పోరాదు. ఎవరిని చేర్చుకొనవలెను, ఎవరు చెప్పవలెను, ఏమి చెప్పవలెను అను మూడును ఉపాధ్యాయులవి, విద్యాలయమువి. వానిపై అధికారము కోరి యిచ్చు పైకము దానము కాదు, బేరము. సొమ్ము వచ్చిన త్రోవ మంచిది కాదని తెలిసినపుడు వలదని చెప్పు ధైర్యమును ముందే యుండవలెను. కట్టినపిదప చెరపుట కష్టము.

నాలుగవది: చిన్నదాతను మఱవరాదు. బోధిసిరి పదునేడువందల యేండ్ల క్రిందట రాతిమీద ఇంటివారి కందఱకు చోటుచేసినది. మనకు ఒక ఊరిపేరునకైనను చోటు దొరకదా?

ఇచ్చినవాడు చెప్పుకొనరాదు, పుచ్చుకొన్నవాడు చెప్పక మానరాదు. చెప్పునపుడు అందఱ పేరులు చెప్పవలెను. మా గురువుగారి మాటకు నేను చేర్చిన దింతే. దానిని నాకు నేర్పినది ఆ ఇడ్లీల అవ్వ.